పదో తరగతి ముందు ఆగిన తల్లులు

(దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ స్మారకోపన్యాస పాఠం)



దుర్గాబాయమ్మ పేరు వినగానే మనకు ఉప్పు సత్యాగ్రహం, రాజ్యాంగ సభ, ఆంధ్ర మహిళా సభ గుర్తుకొస్తాయి. నేను ఇవాళ ఆవిడ చేసిన మరో పని దగ్గర మొదలుపెడతాను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం. పల్లెలకు గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, కాన్పులు చేసేవాళ్ళు, పంతులమ్మలు కావాలి. కొలువులున్నాయి, జీతాలకు డబ్బుంది, చేరడానికి ఆడవాళ్ళు లేరు. చేయాలనే మనసున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆ ఉద్యోగాలకు కావలసిన కనీస చదువు మాత్రం వాళ్ళకు లేదు. ఎందుకు లేదో దుర్గాబాయమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురం వద్దని, చదువు కావాలని నిలబడిన మనిషి ఆవిడ. జైలు నుంచి వచ్చాక బెనారస్ మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. చదివి, మద్రాసులో లా పూర్తిచేశారు. మెట్రిక్ పరీక్షకు తోటి ఆడవాళ్ళకు పాఠాలు చెప్పించడంతోనే ఆంధ్ర మహిళా సభ పుట్టింది.

ఆ అనుభవంతోనే 1958లో కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. బడి మానేసిన పెద్దవయసు ఆడవాళ్ళని రెండేళ్ళలో మిడిల్ స్కూలు పరీక్షకో మెట్రిక్‌కో సిద్ధం చేయడం, అక్కణ్ణించి నర్సు శిక్షణకో టీచరు శిక్షణకో పంపడం ఆ పథకం. చెప్పుకోవడానికి ఇంతే. కానీ పెళ్ళయి, పిల్లల్ని కన్న స్త్రీ చదువు అక్కడితో ముగిసిపోలేదని ప్రభుత్వాన్ని ఒప్పించి, దానికి డబ్బు కేటాయింపజేయడం చిన్న సంగతి కాదు. ఇన్నేళ్ళ తర్వాత, పదిహేడేళ్ళకే ఒళ్ళో బిడ్డతో ఉన్న మన తెలుగు అమ్మాయి విషయంలో ఆ మాట మనమింకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ముందు పరిస్థితి ఎక్కడుందో చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 23.3 శాతం మందికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 29.3 శాతం, తెలంగాణలో 23.5. సర్వే నాటికి తల్లులైనవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో దేశం మొత్తం మీద 6.8 శాతం. తెలంగాణలో 5.8, అంటే అంతకుముందు సర్వేతో పోలిస్తే దాదాపు సగం. ఆంధ్రప్రదేశ్‌లో 12.6. అంతకుముందు కంటే తగ్గకపోగా కాస్త పెరిగింది. ఆసుపత్రి కాన్పుల్లోనూ, డ్వాక్రా సంఘాల్లోనూ దేశానికి దారి చూపించామని చెప్పుకునే రాష్ట్రం ఇది. ఈ అంకె నన్ను నిద్రపోనివ్వదు.

ఇలా తల్లులైన అమ్మాయిలకు తర్వాతి జీవితంలో ఉద్యోగం ఎందుకు దొరకదు? అడగ్గానే మనకు ఒకే జవాబు తడుతుంది: చిన్న వయసులో బిడ్డ పుట్టడం వల్ల. ఈ జవాబును ప్రపంచంలో కొందరు చాలా శ్రద్ధగా పరీక్షించారు. ఆ పరీక్ష మనకు పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికాలో చిన్నవయసు తల్లులు పేదరికంలో ఉంటారు, తక్కువ సంపాదిస్తారు. అది కంటికి కనిపించేదే. అయితే వాళ్ళు తల్లులు కాకముందు కూడా పేదలే. పేద పేటల్లో పుట్టి, అంతంతమాత్రపు బళ్ళలో చదివారు. మరి తర్వాతి పేదరికం బిడ్డ తెచ్చిందా, ముందునుంచీ ఉన్నదేనా? 1992లో ఆర్లీన్ జెరోనిమస్, శాండర్స్ కోరెన్‌మన్ అనే పరిశోధకులు అక్కచెల్లెళ్ళను పోల్చారు. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు. ఒకరు టీనేజిలో తల్లయ్యారు, ఒకరు తర్వాత. అలా పోల్చేసరికి మామూలు లెక్కల్లో కనిపించే తేడా బాగా కుంచించుకుపోయింది. వాళ్ళు వాడిన మూడు సర్వేల్లోనూ ఒకే మేరకు కాకపోయినా, తగ్గడం మాత్రం నిజం. ఆ తర్వాత జోసెఫ్ హాట్జ్, ఆయన సహచరులు మరో దారి పట్టారు. టీనేజిలో గర్భం దాల్చి బిడ్డను కన్నవాళ్ళని, అదే వయసులో గర్భం వచ్చి అది నిలవనివాళ్ళతో పోల్చి చూశారు. ఇరవైల చివరికి, ముప్ఫైల్లోకి వచ్చేసరికి తల్లులైనవాళ్ళ సంపాదన అవతలివాళ్ళ కంటే తక్కువేమీ లేదని 2005లో ప్రచురించిన వ్యాసంలో తేల్చారు. తర్వాత జేసన్ ఫ్లెచర్, బార్బరా వుల్ఫ్ ఇదే పద్ధతిని తిరగదోడి, నష్టం ఉంది గానీ మనం అనుకున్నంత పెద్దది కాదన్నారు.

బాల్టిమోర్‌లో ఫ్రాంక్ ఫర్‌స్టెన్‌బర్గ్ చేసిన అధ్యయనం నాకు వీటన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది. 1960ల్లో ఒక ఆసుపత్రికి గర్భంతో వచ్చిన టీనేజి తల్లుల్ని, ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిల్ని, ఆయన బృందం పదిహేడేళ్ళపాటు వెంట ఉండి చూసింది. వాళ్ళ జీవితాలు అందరూ జోస్యం చెప్పినట్టు ఒకే తీరున నడవలేదు. చాలామంది తిరిగి బడికి వెళ్ళారు, ఉద్యోగాల్లో చేరారు. గర్భవతులైన విద్యార్థినుల కోసం నడిచిన ప్రత్యేక పాఠశాలలో చదివినవాళ్ళు, వెంటవెంటనే రెండో బిడ్డను కననివాళ్ళు మెరుగ్గా నిలదొక్కుకున్నారు. కాన్పు అందరికీ జరిగింది. దాని తర్వాత ఏం జరిగిందన్నది మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో తీరు.

దీన్ని చూసి, చిన్నతనంలో తల్లి కావడం పెద్ద విషయమేమీ కాదని నేను అంటున్నానని దయచేసి అనుకోవద్దు. పదిహేనేళ్ళ శరీరం కాన్పుకు సిద్ధంగా ఉండదు. రక్తహీనత, గుర్రపు వాతం, తక్కువ బరువు బిడ్డలు, ఇవన్నీ ప్రాణాల మీదికి తెచ్చే సంగతులు. పైగా అమెరికా లెక్కను ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించలేం. అక్కడ ఆ తల్లుల్లో చాలామందికి కాన్పు నాటికి పెళ్ళి కాలేదు, పుట్టింట్లోనే ఉన్నారు, అమ్మ బిడ్డను చూసుకుంటే బడికి వెళ్ళగలిగారు. ఇక్కడ బిడ్డకంటే ముందు పెళ్ళి వస్తుంది, పెళ్ళితో ఊరు మారుతుంది, బడి మారదు, ఆగిపోతుంది. బంగ్లాదేశ్‌లో ఎరికా ఫీల్డ్, అటీలా ఆంబ్రస్ 2008లో చూపించింది ఇదే. ఆడపిల్ల పెళ్ళి ఒక్క ఏడాది వెనక్కి జరిగితే సగటున 0.22 ఏడాది చదువు అదనంగా దక్కింది. మన పరిస్థితి బాల్టిమోర్‌కంటే బంగ్లాదేశ్‌కు దగ్గర. కాబట్టి మన దగ్గర ఉపాధిని దెబ్బతీసేది తల్లి వయసు ఒక్కటే కాదు, ఆ వయసులో తెగిపోయే చదువు. ఆ చదువును మళ్ళీ అతికించే పని ఎవరిదీ కాకుండా పోయింది.

మన తెలుగు నేలకే ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది. జనాభా లెక్కలు చదివేవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారు. ఉపాధి గురించి మాట్లాడేవాళ్ళు ఎందుకో పట్టించుకోరు. ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీ కనే పిల్లలు 1.7. పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఇంకెక్కడా ఇంత ఎక్కువ కనబడదు. ఆ ఆపరేషన్ కూడా మన దగ్గర చాలా చిన్న వయసులోనే జరుగుతుంది. పదిహేడుకి పెళ్ళి, పద్ధెనిమిదికి మొదటి బిడ్డ, ఇరవై ఒకటికి రెండో బిడ్డ, ఆ కాన్పుతోనే ఆపరేషన్. అంటే ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళకి కనడం అనే అధ్యాయం పూర్తయిపోయింది. ఇరవై ఆరుకి చిన్నవాడు కూడా బళ్ళోకి వెళ్తాడు. ఇంకో ముప్ఫై అయిదేళ్ళు పనిచేయగల మనిషి ఆవిడ. ఐరోపాలో ముప్ఫై దాటాక మొదటి బిడ్డను కనే ఆడవాళ్ళు ఉద్యోగం మధ్యలో ఆగి, మళ్ళీ అందుకోవడానికి నానా తంటాలు పడతారు. మన అమ్మాయికి ఆ చిక్కు లేదు. ఉద్యోగ వయసు మొదలయ్యే నాటికి పిల్లల పెంపకంలో కష్టమైన భాగం అయిపోయి ఉంటుంది. ఇంత ఖాళీ దొరికినా ఆవిడ పత్తి చేలోనో మిరప కోతల్లోనో మాత్రమే కనబడుతోంది. ఆ ఖాళీ ముందు ఒక సర్టిఫికెట్టు అడ్డం నిలబడింది.

అదే పదో తరగతి సర్టిఫికెట్టు. పల్లెలో పెళ్ళయిన ఆడమనిషికి, ఊరు వదలకుండా దొరికే ఉద్యోగాలు ఏమిటో లెక్క వేయండి. అంగన్‌వాడీ కార్యకర్త. ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలంగా నడుస్తున్న నిబంధనల ప్రకారం ఆవిడ అదే ఊళ్ళో ఉండే వివాహిత అయ్యుండాలి, వయసు 21 నుంచి 35 లోపు ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి. ఆశా కార్యకర్త. పెళ్ళయినవాళ్ళకో, వితంతువులకో, భర్తతో విడిపోయినవాళ్ళకో ఇస్తారు. వయసు 25 నుంచి 45, పది చదివినవాళ్ళకు ప్రాధాన్యం. ఊరి సంఘాల లెక్కలు రాసే పనికీ ఆ చదువే చూస్తారు. జాగ్రత్తగా గమనించండి: ఈ కొలువులకు పెళ్ళి అడ్డు కాదు, అర్హత. బిడ్డలుండటం అడ్డు కాదు. వయసు సరిగ్గా ఈ చిన్నతల్లులు తీరిక చేసుకునే వయసే. వాళ్ళ కోసమే తయారుచేసినట్టున్న ఉద్యోగాలివి. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మాన్పించి పెళ్ళి చేశాం కాబట్టి అవి వాళ్ళకు అందవు. ఒకటి రెండేళ్ళ చదువు తేడా, ముప్ఫై ఏళ్ళ జీతం తేడా అవుతోంది.

2023–24 శ్రామిక సర్వే ప్రకారం పదిహేనేళ్ళు పైబడిన ఆడవాళ్ళలో 41.7 శాతం మంది శ్రామిక శక్తిలో ఉన్నారు. 2017–18లో ఇది 23.3. ఇది చూసి సంబరపడేవాళ్ళు ఉన్నారు. పెరిగినదాంట్లో పెద్ద వాటా పల్లెల్లో సొంత పొలంలోనో, ఇంటి పశువుల దగ్గరో, కుటుంబ వ్యాపారంలోనో జీతం లేకుండా చేసే పని. నెల తిరిగేసరికి తన పేరు మీద తన ఖాతాలో పడే డబ్బుకు, అత్తగారి పొలంలో చాకిరీకి మధ్య తేడా ఎంతో ఆ ఇంట్లో ఉన్న కోడలికి తెలుసు.

ఇంకో సంగతి చట్టం గురించి. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు పద్నాలుగు అంది. 1978లో అది పద్ధెనిమిదయింది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం దానికి కొంత పదును పెట్టింది. 2012లో పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో వచ్చింది. పద్ధెనిమిది నిండని భార్యతో సంభోగం కూడా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ అవసరమైన చట్టాలే, నేను ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోమనను. అయితే పెళ్ళిని ఆపలేకపోయిన చోట, పెళ్ళయిపోయిన అమ్మాయికి ఈ చట్టాల పక్కన మరేదీ చేయూతగా లేదు. పదిహేడేళ్ళ తల్లికి ప్రభుత్వం ఇచ్చే ప్రసూతి నగదు సాయం అందదు, దానికి వయసు చాలదు. ఉపాధి హామీ పనికి వెళ్ళడానికి పద్ధెనిమిది నిండాలి. డ్వాక్రా సంఘంలో చేరడానికీ అంతే. ఆసుపత్రికి వెళ్తే వయసు అడుగుతారు, వయసు చెబితే పోలీసు కేసవుతుందని అత్తింటివాళ్ళు భయపడతారు. దాంతో మొదటి నెలల్లో పేరు నమోదు చేయించరు, ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చడానికి తిరుగుతారు. సాయం ఎక్కువ కావలసిన రెండు మూడేళ్ళలోనే ఆ పిల్ల ఏ రిజిస్టరులోనూ ఉండదు. పద్ధెనిమిది నిండి అందరి కళ్ళకూ కనబడేసరికి ఆమె చంకలో పాప, కడుపులో ఇంకొకరు.

నేను ఓపెన్ స్కూలు తరగతులకు పాఠాలు చెప్పిన కాలంలో ఇలాంటి అమ్మాయిల్ని చాలామందిని చూశాను. ఆదివారం తరగతులు. ఒక్కొక్కరూ వచ్చే తీరులోనే వాళ్ళింటి సంగతి తెలిసిపోయేది. అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు పరీక్షదాకా నిలిచేవాళ్ళు. ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా వచ్చేవాళ్ళు మూడో వారానికి కనబడేవాళ్ళు కాదు. లెక్కల దగ్గర చాలామందికి భయం. తెలుగు, సాంఘికశాస్త్రం మాత్రం ఒకసారి మొదలుపెడితే వదిలేవాళ్ళు కాదు. ఒకామె ప్రతి ఆదివారం పాపను పక్కన చాప మీద పడుకోబెట్టి రాసుకునేది. పాప లేస్తే పక్కామె ఎత్తుకునేది, ఆమె నోట్సు తర్వాత ఈమె రాసి పెట్టేది. ఎవరూ చెప్పకుండా వాళ్ళలో వాళ్ళు కుదుర్చుకున్న ఒప్పందం అది. పరీక్ష రోజు మాత్రం హాలు లోపలికి పాపను తేనివ్వరు, బయట చూసుకోవడానికి మనిషి కావాలి. మూడు గంటలు బిడ్డను చూసే మనిషి దొరకక ఆ రోజు పరీక్ష మానుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు బుర్ర లేక కాదు, పట్టుదల లేక కాదు.

1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఓపెన్ స్కూలు సొసైటీ వచ్చింది. అంతకుముందే 1982లో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పుట్టింది, ఇప్పుడది అంబేడ్కర్ పేరు మీద ఉంది. బడి చదువు లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించి, ఎందరో గృహిణులను పట్టభద్రులను చేసింది. అంటే తలుపులు మనకు ఉన్నాయి. తలుపుదాకా వచ్చే దారిలో బిడ్డను ఎత్తుకునే చెయ్యే లేదు.

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. ఉపాధి అనేది తర్వాత వచ్చే ఫలితం మాత్రమే కాదు, ముందు వచ్చే కారణం కూడా. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. ఎంపికచేసిన కొన్ని ఊళ్ళకు కాల్‌సెంటర్ ఉద్యోగాల నియామక ప్రతినిధులను మూడేళ్ళపాటు పంపి, అక్కడి యువతులకు ఆ ఉద్యోగాలు ఎలా తెచ్చుకోవాలో చెప్పించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ఆ ఊళ్ళలో 15–21 ఏళ్ళ అమ్మాయిలు ఆ కాలంలో పెళ్ళి చేసుకోవడం, బిడ్డను కనడం తగ్గింది. చదువులోనో శిక్షణలోనో చేరడం పెరిగింది. బాల్యవివాహాలు వద్దంటూ ఎవరూ అక్కడ ఉపన్యాసాలివ్వలేదు. అమ్మాయికి ఉద్యోగం నిజంగా వస్తుందని తండ్రికి నమ్మకం కలిగింది, అంతే. మన దగ్గర ఆ నమ్మకం లేదు. రాయలసీమలో వలస వెళ్ళే కుటుంబం పిల్లను ఎక్కడ వదలాలో తెలియక మేనమామకు కట్టబెడుతుంది. పాలమూరు, కర్నూలు పత్తి విత్తన చేలల్లో పువ్వుకు పువ్వు అంటించే పనికి చిన్నపిల్లల వేళ్ళే కావాలంటారు, ఆ పని నాలుగేళ్ళు చేసిన పిల్లకు తర్వాతి మెట్టు పెళ్ళే. చదివిస్తే ఎక్కువ కట్నం ఇవ్వాల్సి వస్తుందని లెక్కేసే తండ్రి మూర్ఖుడు కాదు. అతని ముందున్న లెక్కలో కూతురి జీతం అనే అంకె లేదు. ఆ అంకె రాసిన రోజున అతను వేరే కూడిక చేస్తాడు.

ఎవరైనా దీన్ని చేసి చూపించారా అంటే, చూపించారు. జమైకాలో 1978లో విమెన్స్ సెంటర్ అనే సంస్థ మొదలైంది. గర్భం వచ్చి బడి మానిన అమ్మాయిల్ని అక్కడ చేర్చుకుంటారు. పాఠాలు ఆగవు, బిడ్డ పుట్టాక శిశు సంరక్షణ ఉంటుంది, ఆ తర్వాత ఆ అమ్మాయిని మళ్ళీ మామూలు బడిలోకి పంపుతారు. ఇంగ్లండు 1999లో ఒక పదేళ్ళ ప్రణాళిక వేసుకుని, ఇరవై లోపు తల్లులు చదువుకుంటే బిడ్డ సంరక్షణ ఖర్చు ప్రభుత్వమే భరించే పథకం కూడా తెచ్చింది. అక్కడ పద్ధెనిమిది లోపు గర్భధారణల రేటు 1998తో పోలిస్తే 2014 నాటికి సగానికి పైగా తగ్గింది. చదువుకునే తల్లికి సాయం చేస్తే మిగతా పిల్లలు చెడిపోతారని భయపడేవాళ్ళకు ఇంతకంటే వేరే జవాబు నా దగ్గర లేదు.

ఇప్పుడు మన దగ్గర ఏం కావాలో చెప్పి ముగిస్తాను. పెళ్ళయిన అమ్మాయి తండ్రి వచ్చి టీసీ అడిగినప్పుడు హెడ్మాస్టరు దాన్ని రాసిచ్చి ఊరుకోకూడదు. ఆ పేరు ఆ రోజే దగ్గర్లోని ఓపెన్ స్కూలు కేంద్రానికి, అత్తింటి ఊరి అంగన్‌వాడీకి చేరాలి. అంగన్‌వాడీ కార్యకర్త గర్భిణుల పేర్లు ఎలాగూ రాసుకుంటుంది, అదే పుస్తకంలో ఆమె ఏ తరగతిలో మానేసిందో ఒక గడి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఓపెన్ స్కూలు ఆదివారం తరగతులు అంగన్‌వాడీ ఉన్న ఆవరణలోనే పెట్టి, ఆ పూట ఆయాకు అదనపు వేతనం ఇస్తే పిల్లల బెంగ తీరుతుంది. పరీక్ష కేంద్రాల దగ్గర కూడా అంతే, ఒక గది, ఒక ఆయా. పద్ధెనిమిది లోపు తల్లికి ప్రసూతి సాయం, పోషకాహారం నిలిపేయకూడదు. శిక్ష పెళ్ళి చేసినవాళ్ళకు పడాలి గానీ, బాలింత కంచానికి కాదు. ఆడపిల్ల పెళ్ళికి తెలంగాణ 2014 నుంచి కల్యాణ లక్ష్మి పేరిట డబ్బిస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2022లో తెచ్చిన కల్యాణమస్తులో వధూవరులిద్దరూ పది పాసవ్వాలన్న షరతు పెట్టింది. ఆ షరతును నేను మనసారా మెచ్చుకున్నాను. అదే ఆలోచనను మరో అడుగు ముందుకు తీసుకెళ్ళి, పెళ్ళి తర్వాత పది పాసైన తల్లికి కూడా ఒక మొత్తం ఇవ్వాలి. అది ఆమె ఖాతాలోనే, ఆమె పేరు మీదే పడాలి. అత్తగారు ఆదివారం నాడు బిడ్డను ఎత్తుకుని కోడల్ని తరగతికి పంపడానికి ఆ డబ్బు మంచి కారణమవుతుంది.

ఈ సభలో జిల్లా అధికారులు ఉన్నారు, ఓపెన్ స్కూలు సమన్వయకర్తలు ఉన్నారు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు ఉన్నారు. వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఒక్క మండలంలో, మీ ముగ్గురూ ఒకచోట కూర్చుని పెళ్ళితో బడి మానిన అమ్మాయిల జాబితా తయారుచేయమని అడుగుతున్నాను. పాఠాలు చెప్పడానికి నేను వస్తాను.